వెబ్‌సైటుకు ఏ పేరు?

'స్వచ్ఛమైన నెయ్యి', 'మంచి పాలు' వంటి మాటలు గుదిగుచ్చి సంఘం వెబ్‌సైటుకు పేరు పెడితే గూగుల్‌లో ముందు కనిపిస్తుందా అని కొందరు కార్యదర్శులు అడుగుచున్నారు. వద్దనే మా సలహా. ఒకప్పుడది పనిచేసేది, పేరే తప్ప సరుకు లేని సైట్లను 2012లో గూగుల్ కిందికి దించింది. సంఘం పేరే చాలు. అయితే ఇంగ్లీషు అక్షరాలలో పొట్టిగా ఉండాలి. 'పాలు' అన్న మాటనే ఒకరు ఒక 'ఏ'తో, మరొకరు రెండు 'ఏ'లతో రాస్తారు! ఫోనులో చెప్పినా తప్పులేకుండా రాసుకోగలగాలి. చివర 'డాట్ ఇన్' సరిపోతుంది. సహకార సంఘాలకే ప్రత్యేకించిన 'డాట్ కోఆప్' కూడా ఉన్నది.

పేరును సంఘం పేరిటనే రిజిస్టరు చేయించండి, సైటు తయారుచేసిన కుర్రవాని పేరిట కాదు. గడువులోగా రుసుము కట్టకపోతే అది ఇతరుల పాలు కావచ్చును. ఏళ్ల తరబడి సంపాదించుకున్న స్థానమూ పోతుంది. ఆ తేదీని పాల బిల్లుల రిజిస్టరులోనే ఎర్రసిరాతో రాసి ఉంచండి.