పియానో సాధనలో లయ

పియానో నేర్చుకొనువారిలో పెక్కురు వ్రేళ్ల వేగమునే విద్యగా భావింతురు. మేమును ఒకప్పుడట్లే భావించితిమి. ఒక చిన్న రచనను రెండు మాసములు సాధన చేసి గురువుగారికి వినిపించితిమి. వారు మంచి చెడ్డలేమియు చెప్పక, బల్లపై చేతితో తాళము వేయుచు, మరల వాయింపుమనిరి. నాలుగవ పంక్తి చేరునప్పటికి తాళమొకచోటను మేమొకచోటను ఉంటిమి. సులభమైన పట్టున పరుగెత్తుచు, చిక్కైన పట్టున నిలుచుచు వాయించుచున్నామను సంగతి అంతవరకు మా చెవికి సోకనే లేదు. మీటలను వెదకుటలో మనస్సు మునిగియున్నప్పుడు చెవి కాలమును కొలువదు.

ఈ లోపము పియానోపై మిక్కిలిగా బయటపడును. వయొలిన్‌పై స్వరము పలుకుచుండగనే దానిని పెంచవచ్చును, తగ్గింపవచ్చును. పియానోలోనన్ననో, మీట నొక్కగనే సుత్తి తంతిని కొట్టి వెనుకకు మరలును. పిదప ఆ స్వరమును పెంచుట ఎవరి తరమును కాదు. ఎప్పుడు కొట్టితిమి, ఎంత బలముతో కొట్టితిమి, ఎప్పుడు విడిచితిమి అను మూడే ముఖ్యముగా వాద్యకుని చేతిలోనివి. వీనిలో రెండు కాలమునకు సంబంధించినవే.

మన యిండ్లలో పిల్లలు సరళివరుసలను మూడు కాలములలో పాడునప్పుడు చేతి తాళము మారదు. ఒక్కొక్క దెబ్బకు వచ్చు స్వరములే ఒకటి, రెండు, నాలుగు అగుచుండును. పియానోపై స్వరావళిని గూడ ఇట్లే సాధింపవచ్చును. అయితే ఇచ్చట తాళము వేయుటకు చేయి ఖాళీ లేదు! కావున నోటితో పైకి లెక్కించుట అలవరచుకొనవలెను. మొదట సిగ్గుగా నుండును గాని, నోరు తడబడిన చోటనే వ్రేళ్లును తడబడుచున్నవని త్వరలోనే తెలియును.

మెట్రోనోమ్ అను తాళయంత్రమునకు మేల్జెల్ 1815లో పేటెంటు పొందెను. 1817లో బేతోవెన్ తన సింఫనీల వేగములను దాని అంకెలలో ప్రకటించెను. ఈ యంత్రమును నిమిషమునకు 60 దెబ్బలకు అమర్చి, రచననంతటిని గాక, తడబడిన రెండు ఆవర్తములను మాత్రమే తీసికొని, తొలుత ఒక్కొక్క చేతితోను, పిదప రెండు చేతులతోను వాయింపవలెను. అయిదుమారులు తప్పు రాకున్న 63, ఆపైన 66. తప్పు వచ్చినచో వెనుకకు. కాని దినమంతయు యంత్రమును నడుపుట మాకు సమ్మతము గాదు. దానిని ఆపి వాయించి, చివర మరల నడిపి పోల్చుకొనుటయే మేలు.

చేతి పొందికను గూర్చి షోపేన్ పద్ధతి గమనింపదగినది. ఆయన శిష్యులకు తొలుత బి మేజర్ స్వరావళిని నేర్పెడివాడు. అందు పొడవైన నడిమి వ్రేళ్లు ఎత్తైన నల్లమీటలపై సహజముగా ఒదుగును. ఎడమచేయి తాళమును విడువరాదనియు ఆయన పట్టుపట్టెడివాడు. వ్రేళ్లను బలవంతపెట్టుట ప్రమాదకరము. శూమన్ యువకుడై యుండగనే కుడిచేతి వ్రేలు స్వాధీనము తప్పి, వాద్యకుడు కావలెనను ఆశను విడువవలసివచ్చెను. కారణమును గూర్చి నేటికిని భిన్నాభిప్రాయములు కలవు. మణికట్టు బిగిసినను, నొప్పి తోచినను ఆ పూటకు సాధన నిలుపవలెను.

మా నాలుగవ పంక్తి 60 నుండి 88 దెబ్బలకు చేరుటకు మూడు వారములు పట్టినది. గురువుగారు ఈమారు బల్లపై చేయి వేయలేదు.