ఆయాసం వచ్చేసరికే ఆలస్యం

కుక్కల ఊపిరితిత్తుల కొలతలతో తేలిన నిజం

కట్టెల పొయ్యి పొగను, బీడీ, చుట్ట పొగను ఏళ్ల తరబడి పీల్చిన వారిలో ఊపిరితిత్తుల లోపలి సన్నని నాళాలు ఇరుకైపోతాయి. అయినా చాలాకాలం ఆయాసం కనిపించదు. ఇందుకు కారణం కుక్కలపై జరిగిన పరిశోధనల్లో వెల్లడైంది.

కొలిచేదిలా..

పరీక్ష కోసం గట్టిగా ఊదమంటే మనిషి ఊదగలడు, కుక్క ఊదలేదు. పైగా వగరుస్తుంటే కొలత నిలకడగా ఉండదు. అందుకే దానికి మత్తుమందిచ్చి, శ్వాసనాళంలో గొట్టం అమర్చి, యంత్రంతో శ్వాస ఆడిస్తారు. గొట్టం వద్దనున్న పరికరం గాలి ప్రవాహాన్ని, అన్నవాహికలోకి దించిన చిన్న బుడగ ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న ఒత్తిడిని నమోదు చేస్తాయి. గాలిని నాళాల గుండా నడిపేందుకు అవసరమైన ఒత్తిడిని ప్రవాహంతో భాగిస్తే నిరోధం తెలుస్తుంది. మెథకొలిన్ అనే మందును మోతాదు పెంచుతూ తుంపరగా పీల్పిస్తే నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. అప్పుడు నిరోధం ఎంత పెరిగితే నాళాలు అంతగా ఇరుకైనట్లు.

పిల్ల కాలువల లెక్క

అయితే ఈ కొలత ఇరుకు ఎక్కడుందో చెప్పదు. 1967లో పీటర్ మాక్లెమ్, జెరె మీడ్ అనే శాస్త్రవేత్తలు కుక్కల ఊపిరితిత్తుల్లో సుమారు 2 మిల్లీమీటర్ల వెడల్పున్న నాళం వరకు సన్నని గొట్టాన్ని చేర్చి అక్కడి ఒత్తిడిని విడిగా కొలిచారు. అంతకన్నా సన్నని నాళాలన్నీ కలిపినా మొత్తం నిరోధంలో వాటి వాటా సుమారు పదో వంతేనని తేలింది.

వాటి సంఖ్య వేలల్లో ఉండటమే ఇందుకు కారణం. పిల్ల కాలువలు కొన్ని పూడిపోయినా మిగిలినవి నీటిని లాగుతాయి. తూము వద్ద తేడా అంతగా తెలియదు. ఊపిరితిత్తుల్లోనూ అంతే. మొత్తం నిరోధం 100 అనుకుంటే అందులో సన్నని నాళాల వాటా 10. వాటిలో సగం మూసుకుపోతే ఆ వాటా 20 అవుతుంది, మొత్తం 110కి మాత్రమే చేరుతుంది. అందుకే 1970లో మీడ్ ఈ భాగాన్ని 'నిశ్శబ్ద మండలం'గా పేర్కొన్నారు.

మనుషుల్లోనూ అదే

1968లో జేమ్స్ హాగ్, మాక్లెమ్ తదితరులు ఎంఫసీమా వ్యాధిగ్రస్తుల ఊపిరితిత్తులను మరణానంతరం పరీక్షించారు. సన్నని నాళాల నిరోధం నాలుగు నుంచి నలభై రెట్లు పెరిగినట్లు గుర్తించారు.

మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఇలాంటి ప్రయోగాలపై ఆంక్షలు విధించింది. చిన్న జంతువులతో అవే ఫలితాలు వచ్చే అవకాశముంటే పెద్ద జంతువులపై ప్రయోగాలు చేయరాదని నిర్దేశించింది.

ఆయాసం లేదు కదా అని ధీమాగా ఉండటం తగదు. దగ్గు, కఫం వీడకుంటే వైద్యుని సంప్రదించి శ్వాస పరీక్ష చేయించుకోవాలి. ఫలితం బాగున్నా పొగ మానడాన్ని వాయిదా వేయరాదు.