హోమ్ పేజీ తెరుచుకుంటుంది, మిగతావి ఎందుకు తెరుచుకోవు?

కోల్‌కతా జొరాసాంకోలో ఠాగూర్ల పూర్వీకుల ఇంటి చిరునామా 6/4, ద్వారకానాథ్ ఠాగూర్ లేన్, కోల్‌కతా 700007. హైదరాబాద్‌లో ఎవరైనా ఈ చిరునామాకు ఉత్తరం వేస్తే, దాన్ని వేరుచేసేవారు ముందుగా చూసేది చివరనున్న పిన్‌కోడ్‌నే. మొదటి అంకె 7 అంటే తూర్పు, ఈశాన్య ప్రాంతం. 700 అంటే కోల్‌కతా. మిగిలిన మూడు అంకెలు ఉత్తరాన్ని బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి. వీధి పేరూ, ఇంటి నంబరూ పోస్ట్‌మ్యాన్ చేతికి వచ్చాకే అవసరమవుతాయి. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ పద్ధతిలో ఒక్కో దశలో చిరునామాలోని ఒక్కో ముక్కను మాత్రమే చదువుతారు. మిగతాది తర్వాతి దశ చూసుకుంటుంది.

వెబ్ చిరునామా, అంటే యూఆర్‌ఎల్, పనిచేసే తీరు కూడా ఇదే. ఒక కళాశాల వెబ్‌సైట్‌లో ‘కళాశాల.ఇన్/ఫలితాలు/చూపు/125’ అనే చిరునామా ఉందనుకుందాం. (నిజానికి ఇది ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాశాం.) మొదటి స్లాష్ వరకు ఉన్నది డొమైన్ పేరు. దాన్ని చదివి సరైన సర్వర్ ఎక్కడుందో చెప్పడం డీఎన్‌ఎస్ పని. స్లాష్ తర్వాతి భాగంతో డీఎన్‌ఎస్‌కు సంబంధం లేదు. ఆ భాగాన్ని చదివి, ప్రోగ్రామ్‌లోని ఏ ముక్క దానికి జవాబివ్వాలో నిర్ణయించడాన్ని రూటింగ్ అంటారు. ఇళ్ల నంబర్లలోని బై గుర్తుకూ ఈ స్లాష్‌కూ పోలిక యాదృచ్ఛికమే. టిమ్ బెర్నర్స్-లీ దాన్ని యూనిక్స్‌లోని ఫోల్డర్ల పద్ధతి నుంచి తీసుకున్నారు. చిరునామా మొదట్లో వచ్చే జంట స్లాష్ మాత్రం నిజంగా అవసరం లేదని 2009లో ఆయనే ఒప్పుకున్నారు.

తొలినాళ్ల వెబ్‌సైట్లలో ప్రతి పేజీకీ సర్వర్‌లో ఒక ఫైలు ఉండేది. చిరునామా ఆ ఫైలు ఉన్న చోటును చెప్పేది. ఇప్పటి ఫ్రేమ్‌వర్క్‌లలో చాలావాటిలో అలా ఉండదు. వచ్చిన అభ్యర్థనలన్నీ ముందుగా ఒకే ద్వారం దగ్గరికి చేరతాయి. పీహెచ్‌పీలో రాసినవాటిలో ఆ ద్వారం పేరు సాధారణంగా ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ. అక్కడి నుంచి రూటింగ్ నియమాల పట్టిక చూసి, పనిని పంచుతారు. ప్రతి పేజీకీ ఒక నియమం రాయడం విసుగు పని కాబట్టి, చాలా ఫ్రేమ్‌వర్క్‌లు ఒక సామాన్య నియమాన్ని ముందే సిద్ధం చేసి ఇచ్చాయి. 2004లో వచ్చిన రూబీ ఆన్ రైల్స్, ఆ తర్వాత కోడ్‌ఇగ్నైటర్, 2009లో తొలి వెర్షన్ వెలువడిన ఏఎస్‌పీ డాట్ నెట్ ఎంవీసీ ఈ దారినే పట్టాయి. ఆ నియమం ఇలా ఉంటుంది: ‘కంట్రోలర్/యాక్షన్/ఐడి’. కంట్రోలర్ అంటే ఒక విభాగం, యాక్షన్ అంటే ఆ విభాగంలో చేసే పని, ఐడి అంటే ఆ పని ఎవరికి లేదా దేనికి అన్నది. పైన చెప్పిన చిరునామాను ‘ఫలితాల విభాగానికి వెళ్లి, చూపు అనే పనిని, 125వ నంబరుకు చెయ్యి’ అని చదువుకోవాలి. దీన్నే డిఫాల్ట్ రూట్ అంటారు.

ఎవరూ ఏ ముక్కా రాయకపోతే? దానికీ ఏర్పాటు ఉంది. ఏఎస్‌పీ డాట్ నెట్ ఎంవీసీలో విభాగం పేరు లేకపోతే ‘హోమ్’, పని పేరు లేకపోతే ‘ఇండెక్స్’ అని అనుకుంటుంది. ఐడి ఉన్నా లేకున్నా ఫర్వాలేదు. అందుకే డొమైన్ పేరు ఒక్కటే టైపు చేసినా మొదటి పేజీ వచ్చేస్తుంది. రూటింగ్‌లో సగం పాడైనా హోమ్ పేజీ మాత్రం చక్కగా కనిపించడానికి కారణం కూడా ఇదే. హోమ్ పేజీ చూసి అంతా బాగుందనుకుంటే, ఫలితాలు వచ్చిన రోజున విద్యార్థులకు దొరికేది 404 అన్న అంకె మాత్రమే.

ఎవరు ఇచ్చిన 404?

కోరినది దొరకలేదని సర్వర్ చెప్పే సంకేతం 404. మరమ్మతు మొదలుపెట్టేవారు అడగాల్సిన తొలి ప్రశ్న, ఈ మాట ఎవరు చెప్పారు అని. చాలామంది ఇది అడగకుండానే రూటింగ్ పట్టికలో మార్పులు మొదలుపెడతారు. ఉత్తరం ఊరి తపాలా కార్యాలయం దాకా వచ్చి తప్పిందా, అసలు అక్కడికి చేరనేలేదా అన్నది తెలియకుండా పోస్ట్‌మ్యాన్‌ను తప్పుపట్టడం లాంటిది ఇది.

తెలుసుకోవడం కష్టం కాదు. తప్పు పేజీ రూపం చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది. అపాచీ వంటి వెబ్ సర్వర్ ఇచ్చే 404 బోసిగా, తెల్ల కాగితం మీద రెండు వాక్యాల్లా ఉంటుంది. ఫ్రేమ్‌వర్క్ ఇచ్చేది వేరే రూపంలో ఉంటుంది. ఇంకా అనుమానం ఉంటే, పీహెచ్‌పీ సైట్లలో చిరునామా మధ్యలో ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ చేర్చి ప్రయత్నించాలి. ‘కళాశాల.ఇన్/ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ/ఫలితాలు/చూపు/125’ తెరుచుకుని, అది తీసేస్తే తెరుచుకోకపోతే రూటింగ్ పట్టికలో దోషం లేదు. అభ్యర్థనను ద్వారం దగ్గరికి చేర్చాల్సిన వెబ్ సర్వరే దాన్ని చేర్చడం లేదు. అపాచీలో ఆ పని చేసేది రీరైట్ మాడ్యూల్. దానికి సూచనలు సాధారణంగా డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే చిన్న ఫైలులో ఉంటాయి. అపాచీ 2.4లో, అలో ఓవర్‌రైడ్ అనే అమరిక విడిగా మార్చకపోతే ‘నన్’ గానే ఉంటుంది. అంటే సర్వర్ ఆ ఫైలును పట్టించుకోదు. ఫైలు సరిగానే ఉంటుంది, అందులోని సూచనలూ సరిగానే ఉంటాయి, వాటిని చదివేవారే ఉండరు. గంటల తరబడి సమయం మింగే తప్పుల్లో దీనిది పెద్ద వాటా.

మరో తప్పు ఇంటి కంప్యూటర్ నుంచి సర్వర్‌కు మారేటప్పుడు బయటపడుతుంది. విండోస్‌లో ఫైలు పేరులో పెద్ద అక్షరాలున్నా చిన్న అక్షరాలున్నా ఒకటే. లినక్స్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లోని ఏ కార్యాలయంలోనైనా విండోస్ ల్యాప్‌టాప్ మీద నడిచిన సైటు, లినక్స్ సర్వర్ మీద పెట్టగానే ఒక్క పెద్ద అక్షరం తేడాతో ఆగిపోవచ్చు. ప్రోగ్రామ్‌లో ఒక్క వరుసా మారలేదు కాబట్టి అనుమానం అటువైపు పోదు. సైటును డొమైన్ మూలంలో కాకుండా ఒక ఉపఫోల్డర్‌లో పెట్టినప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది. మొదటి ముక్క ఫోల్డర్ పేరు అని ఫ్రేమ్‌వర్క్‌కు చెప్పకపోతే, అది ఆ పేరుతో ఒక కంట్రోలర్ కోసం వెతుకుతుంది.

వరుసలో ముందున్నదే గెలుస్తుంది

అభ్యర్థన ఫ్రేమ్‌వర్క్ దాకా వచ్చిందని తేలాక పట్టిక చూడాలి. ఫ్రేమ్‌వర్క్‌లలో చాలావరకు నియమాలను పైనుంచి కిందికి ఒక్కొక్కటిగా పోల్చి చూస్తాయి. మొదట సరిపోయినదాన్నే పట్టుకుంటాయి. దానికంటే మెరుగైనది కింద ఉన్నా చూడవు. డిఫాల్ట్ రూట్ చాలా ఉదారమైన నియమం. మూడు ముక్కలున్న ఏ చిరునామా అయినా దానికి సరిపోతుంది.

కళాశాల వారు నోటీసులను సంవత్సరం, నెల ప్రకారం చూపాలని ‘నోటీసులు/సంవత్సరం/నెల’ అనే కొత్త నియమం చేర్చారనుకుందాం. దాన్ని డిఫాల్ట్ రూట్ కింద రాస్తే, ‘నోటీసులు/2024/05’ అన్న అభ్యర్థనను డిఫాల్ట్ రూటే పట్టుకుంటుంది. నోటీసుల విభాగం, ‘2024’ అనే పని, ‘05’ అనే ఐడి అని చదువుతుంది. 2024 అనే పని ఎక్కడా లేదు కాబట్టి 404 చూపిస్తుంది. ఏఎస్‌పీ డాట్ నెట్ ఎంవీసీలో ఒకసారి నియమం సరిపోయాక, పని దొరకలేదని వెనక్కి వచ్చి తర్వాతి నియమాన్ని చూడటం ఉండదు. ప్రత్యేక నియమాన్ని పైకి, సామాన్య నియమాన్ని అట్టడుగుకు జరిపితే సమస్య తీరిపోతుంది. సంవత్సరం చోట నాలుగు అంకెలే ఉండాలని షరతు పెడితే ఇంకా మంచిది.

పేర్ల పొంతన కుదరకపోవడం ఇంకో రకం. నియమంలో మూడో ముక్క పేరు ‘ఐడి’. ప్రోగ్రామర్ రాసిన ఫంక్షన్ మాత్రం ‘రోల్ నంబర్’ కోసం ఎదురుచూస్తోంది. 125 అన్న విలువ వచ్చింది, కానీ ఐడి అనే పేరుతో వచ్చింది. ఆ పేరుతో ఫంక్షన్‌కు పనిలేదు, దానికి కావలసింది అందలేదు. ఫలితంగా విలువ ఖాళీగా ఉందనే తప్పు వస్తుంది. ఇక్కడ 404 రాదు, కాబట్టి రూటింగ్‌ను ఎవరూ అనుమానించరు. డేటాబేస్‌లో వెతుకుతూ ఉంటారు.

ఊహించి వెతికే బదులు పట్టికనే చూపించమని ఫ్రేమ్‌వర్క్‌ను అడగవచ్చు. రైల్స్‌లో ‘రైల్స్ రూట్స్’, లారావెల్‌లో ‘ఆర్టిసాన్ రూట్ లిస్ట్’, కోడ్‌ఇగ్నైటర్ 4లో ‘స్పార్క్ రూట్స్’ అనే ఆదేశాలు ఇందుకే ఉన్నాయి. ఏ చిరునామా ఏ ఫంక్షన్‌కు చేరుతుందో వరుసగా తెర మీద వస్తుంది. ఈ ఆదేశాన్ని తొలి పది నిమిషాల్లోనే వాడితే చాలా రాత్రుల నిద్ర మిగులుతుంది.

చివరి స్లాష్ సంగతీ ఉంది. జాంగోలో నియమం చివర స్లాష్ ఉండి, వచ్చిన చిరునామాలో లేకపోతే, అది స్లాష్ చేర్చి మళ్లీ రమ్మని బ్రౌజర్‌ను పంపుతుంది. పేజీ చూడటానికి ఇది బాగానే ఉంటుంది. ఫారం నింపి పంపినప్పుడు మాత్రం, అలా దారి మళ్లించడంలో నింపిన వివరాలు జారిపోతాయి. ప్రోగ్రామ్ తయారీ దశలోనే జాంగో దీన్ని తప్పుగా చూపి హెచ్చరిస్తుంది.

తెరుచుకోకూడనివి తెరుచుకుంటే

పేజీ తెరుచుకోకపోవడం కంటికి కనిపించే తప్పు. దానికంటే పెద్ద ప్రమాదం డిఫాల్ట్ రూట్‌లోనే దాగి ఉంది. విభాగంలో బయటికి కనిపించేలా రాసిన ప్రతి ఫంక్షన్‌నూ అది ఒక చిరునామాగా మార్చేస్తుంది. లోపలి అవసరం కోసం రాసుకున్న ‘తొలగించు’ అనే ఫంక్షన్‌కు ఎవరూ లింకు ఇవ్వకపోయినా, ‘ఫలితాలు/తొలగించు/125’ అని టైపు చేస్తే చాలు, అది పనిచేయవచ్చు. రైల్స్ మూడో వెర్షన్‌లో ఈ నియమాన్ని వ్యాఖ్యగా మాత్రమే ఉంచి, దీన్ని వాడితే అన్ని యాక్షన్‌లూ మామూలు గెట్ అభ్యర్థనతో అందుబాటులోకి వస్తాయని పక్కనే హెచ్చరిక రాశారు.

అది ఊహాజనిత భయమేమీ కాదు. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అనే ఉపకరణం వచ్చింది. వాడుకరి నొక్కబోయే లింకులను ముందుగానే తెరిచి పెట్టుకుని వేగం పెంచడం దాని ఉద్దేశం. కొన్ని వెబ్ అప్లికేషన్లలో ‘తొలగించు’ కూడా మామూలు లింకుగానే ఉంది. యంత్రానికి ఆ మాట అర్థం తెలియదు కాబట్టి దాన్నీ తెరిచింది. మనుషులు ముట్టుకోకుండానే వారి సమాచారం మాయమైంది. చూడటానికి గెట్, మార్చడానికి పోస్ట్ అన్న పాత నియమాన్ని పాటించిన సైట్లకు ఈ బెడద లేదు.

ఐడి ముక్కతో వచ్చే చిక్కు మరొకటి. 125 చోట 126 అని మార్చితే పక్క విద్యార్థి మార్కులు కనిపిస్తే, అది రూటింగ్ పొరపాటు కాదు. అడుగుతున్నవారు ఎవరో తెలుసుకోకుండా జవాబిచ్చిన ప్రోగ్రామ్ లోపం. చిరునామాలు ఊహించడానికి ఇంత సులువుగా ఉన్నప్పుడు ఆ తనిఖీ లేకపోవడం నష్టాన్ని చాలా పెంచుతుంది. వెబ్ భద్రతపై పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021 జాబితాలో మొదటి స్థానం ఈ రకపు లోపాలకే ఇచ్చింది. కోడ్‌ఇగ్నైటర్ 2022లో వచ్చిన 4.2 వెర్షన్ నుంచి ఆటో రూటింగ్‌ను మూసి ఉంచి ఇస్తోంది. పాత పాఠాలు చూసి కొత్త వెర్షన్ మీద సైటు కట్టేవారికి హోమ్ పేజీ తప్ప ఏదీ తెరుచుకోకపోవడానికి ఇప్పుడు ఇదొక కొత్త కారణం. అలాంటప్పుడు ఆటో రూటింగ్‌ను తిరిగి తెరవడం ఒక్క నిమిషం పని. కావలసిన చిరునామాలను ఒక్కొక్కటిగా రాసుకోవడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట వెచ్చించడమే మేలు.

వీధి పేరు మారినప్పుడు

డిఫాల్ట్ రూట్ తీసేసి కొత్త చిరునామాలు రాస్తే, పాతవాటిని దాచుకున్నవారి సంగతి? కోల్‌కతాకు ఈ సమస్య బాగా అలవాటు. హారిసన్ రోడ్డు మహాత్మా గాంధీ రోడ్డయింది, థియేటర్ రోడ్డు షేక్‌స్పియర్ సరణి అయింది. అమెరికా కాన్సులేట్ ఉన్న హారింగ్టన్ స్ట్రీట్‌కు హో చి మిన్ పేరు పెట్టారు. 5/1, హో చి మిన్ సరణి అన్నదే ఇప్పుడు ఆ కాన్సులేట్ చిరునామా. ఇవాళ్టికీ పాత పేరు చెబితే దారి చూపేవారు నగరంలో ఉన్నారు.

వెబ్‌లో ఆ పని చేసేది 301 అనే సంకేతం. ‘శాశ్వతంగా ఇక్కడికి మారాం’ అని అది కొత్త చిరునామాను చెబుతుంది. బ్రౌజర్ అటు వెళ్తుంది, శోధన యంత్రాలు తమ జాబితా సరిచేసుకుంటాయి. తాత్కాలిక మార్పుకు 302, పూర్తిగా తీసేసిన పేజీకి 410 వాడతారు. మారకుండా ఉండే చిరునామాయే మంచి చిరునామా అని బెర్నర్స్-లీ 1998లోనే వాదించారు. నగరం 2001లో కోల్‌కతాగా మారినా, భారతీయ గణాంక సంస్థ, కలకత్తా విశ్వవిద్యాలయం, ఐఐఎం కలకత్తా వెబ్ చిరునామాల్లో ‘కాల్’ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు అలాగే ఉన్నాయి. ఎన్నో పరిశోధన పత్రాల్లో ముద్రితమైన లింకులు, ఈమెయిళ్లు ఆ అక్షరాలను నమ్ముకుని ఉన్నాయి.