గర్భిణి ఉన్న ఇంట ప్లాస్టిక్ వాడకం: వేడి, నూనె విషయంలో జాగ్రత్త

నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుంచి కట్టడపు పనులకు తరలివచ్చిన కామాఠీల పేరిటే కామాఠీపురా వెలసింది. అక్కడి చాళ్లలో నేటికీ అనేక కుటుంబాలకు వంట, పడక, నీటి నిల్వ అన్నీ ఒకే గదిలో. అటువంటి గదిలో గర్భిణి ఉన్నప్పుడు రెండు రకాల రసాయనాల పట్ల జాగ్రత్త అవసరం. మొదటివి థాలేట్లు. ఇవి ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి, సువాసన ద్రవ్యాలలోనూ వాడతారు. రెండవది బిస్ఫినాల్-ఏ. ఇది కొన్ని గట్టి ప్లాస్టిక్ పాత్రలలో, ఆహారపు డబ్బాల లోపలి పూతలో, దుకాణాలిచ్చే నున్నని రసీదులలో ఉంటుంది.

గర్భధారణను నిలిపే ప్రొజెస్టిరాన్, ఈస్ట్రోజన్ హార్మోనులను తొలి వారాలలో అండాశయం, తరువాత మావి తయారు చేస్తాయి. మగశిశువు జననాంగాలు రూపొందడానికి శిశువు దేహంలోనే తయారయ్యే టెస్టోస్టిరాన్ అవసరం. ఇందుకు కీలకమైన దశ సుమారు 8 నుంచి 14 వారాల మధ్య ఉంటుంది.

2005లో షానా స్వాన్ బృందం అమెరికాలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తల్లి మూత్రంలో కొన్ని థాలేట్ల ఆనవాళ్లు ఎక్కువగా ఉన్నచోట మగశిశువుల జననాంగాల కొలతలలో టెస్టోస్టిరాన్ ప్రభావం తగ్గిన సూచన కనిపించింది. 2010–12 మధ్య అక్కడి నాలుగు నగరాల గర్భిణులతో ఆరంభమైన మరొక అధ్యయనంలో, తల్లి రక్తంలోని లైంగిక హార్మోనుల మోతాదుకూ థాలేట్లకూ సంబంధం కనిపించింది. సంబంధం కనిపించినంత మాత్రాన ప్రతి బిడ్డకూ హాని జరుగుతుందని అర్థం కాదు. పైగా ఈ రసాయనాలు దేహంలో పేరుకుపోవు. చాలావరకు ఒకటి రెండు రోజులలో మూత్రం ద్వారా బయటకు పోతాయి. కాబట్టి నేడు మానిన అలవాటుకు ఫలితం త్వరలోనే ఉంటుంది.

థాలేట్లు నూనెలో సులభంగా కరుగుతాయి. వేడి వాటిని మరింతగా బయటకు లాగుతుంది. అందుచేత వేడి టీని, సాంబారును ప్లాస్టిక్ సంచులలో తేరాదు. స్టీలు గిన్నె తీసుకువెళ్లడం మేలు. ఊరి నుంచి వచ్చిన ఆవకాయను ప్లాస్టిక్ సీసాలో ఉంచక జాడీలోకో గాజు సీసాలోకో మార్చాలి. రసాయనాలు రవాణా చేసిన పాత నీలి డ్రమ్ములను, ఎంత కడిగినా, తాగునీటికి వాడరాదు. థాలేట్లు ఇంటి దుమ్ములోనూ చేరుతాయి గనుక నేలను తడిబట్టతో తుడవాలి. భోజనానికి ముందు చేతులు కడుక్కోవాలి. వైద్యులు ఇచ్చిన మందులను మాత్రం భయంతో మానరాదు.

మూడో నెల నిండేవరకు గర్భం సంగతి బయటపెట్టని ఆచారం అనేక ఇళ్లలో ఉంది. కాని నెల తప్పిన తరువాత మరొక నెల గడిచేసరికే పైన చెప్పిన కీలక దశ ఆరంభమవుతుంది. మూడో నెల నిండేదాకా ఆగితే అందులో అధికభాగం గడిచిపోతుంది. బంధువులకు ఎప్పుడు చెప్పాలన్నది కుటుంబం ఇష్టం. వైద్యులకు చెప్పడంలో మాత్రం ఆలస్యం కూడదు. నెల తప్పిన వెంటనే సమీపంలోని పురపాలక ప్రసూతి గృహంలోగాని, ముంబై సెంట్రల్ వద్ద ఉన్న నాయర్ ఆసుపత్రిలోగాని పేరు నమోదు చేయించుకోవాలి. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణ చట్టవిరుద్ధం. ఈ జాగ్రత్తలకు ఆ సంగతి తెలియనవసరం లేదు. ఇవి ప్రతి గర్భిణికీ వర్తిస్తాయి.