ఆ రీల్ నేనే డిలీట్ చేశా!

నా ఇన్‌స్టాలో 12 సెకన్ల రీల్ ఒకటి ఉండేది. పులికాట్ సరస్సులో వందల ఫ్లెమింగోలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. రెక్కల కింద గులాబీ రంగు, వెనక సాయంత్రపు ఎండ. నేను పెట్టిన వాటన్నిట్లో ఎక్కువ లైకులు దానికే వచ్చాయి. మొన్న జనవరిలో దాన్ని నేనే తీసేశా. ఎందుకో చెప్పాలంటే ముందు మా గైడ్ గురించి చెప్పాలి.

నేను చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వారమంతా రెండు స్క్రీన్ల మధ్య బతుకుతా కాబట్టి శని, ఆదివారాలు ఎటైనా పారిపోవడం అలవాటు. కిందటేడు ఫ్రెండ్స్‌తో బైకుల మీద సూళ్లూరుపేట వెళ్లి, అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డెక్కాం. ఆ రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. రెండు పక్కలా నీళ్లు, దూరంగా ఫ్లెమింగోలు. రీల్ అప్పుడు తీసిందే.

ఈసారి మాత్రం పద్ధతిగా వెళ్దామని గైడ్‌తో నడిచే రెండు రోజుల ట్రిప్‌లో చేరా. మొత్తం ఎనిమిది మందిమి. గైడ్‌ది అక్కడి ఊరే. వయసు యాభై దాటి ఉంటుంది. మెడలో పాత బైనాక్యులర్, చేతిలో చిన్న నోట్‌బుక్. అందరినీ ‘నాయనా’, ‘అమ్మా’ అనే పిలిచేవాడు. మేం అన్నా అన్నాం.

సైబీరియా కాదు, మనవే!

మొదటి రోజు పొద్దున ఆరింటికి నేలపట్టు. దొరవారిసత్రం దగ్గర ఉండే ఈ పక్షుల కేంద్రాన్ని 1976లో ప్రకటించారు. కెమెరా తీసేలోపే వాసన తగిలింది. పచ్చి చేపలు, రెట్ట కలిసిన ఘాటు. తర్వాత చప్పుడు. వాచ్‌టవర్ ఎక్కి చూస్తే చెరువులో సగం మునిగిన కడప చెట్లు, ఒక్కో చెట్టూ ఫుల్ అయిపోయిన అపార్ట్‌మెంట్‌లా ఉంది. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు... ఎవరి ఫ్లోర్ వాళ్లది.

బైనాక్యులర్‌లో ఒక గూడు దొరికింది. తల్లి గూడబాతు నోరు తెరిచింది. పిల్ల తన తల మొత్తం దాని గొంతులోకి దూర్చేసింది. నాకైతే మింగేస్తుందేమో అని భయమేసింది. “పులికాట్‌లో పట్టిన చేపల్ని మోసుకొచ్చి పెడతా ఉంది నాయనా, కంగారు పడబాక” అన్నాడు అన్న.

“సైబీరియా నుంచి రావడానికి ఎన్నాళ్లు పడుతుందన్నా?” అని అడిగా. స్కూల్లో నేర్చుకున్నది అదే మరి. ఆయన నవ్వాడు. “అందరూ అదే అడగతారు. ఇయ్యి మనయ్యే.”

నిజమే. ముక్కు మీద చుక్కలుండే ఈ గూడబాతు భారత్, శ్రీలంక, కంబోడియా లాంటి చోట్ల గుడ్లు పెట్టే పక్షి. సైబీరియాతో సంబంధం లేదు. హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే బార్ హెడెడ్ గూస్ లాంటి వలస పక్షులు మన చెరువులకు వస్తాయి కానీ, చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే ఈ గూడబాతులు విదేశీ అతిథులు కాదు. ఇంటి మనుషులే.

ఇంటి మనుషులైనా అలిగితే వెళ్లిపోతారు. కొల్లేరు దగ్గర ఆరేడు అనే ఊళ్లో పెద్ద గూడబాతుల కాలనీ ఉందని 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షి శాస్త్రజ్ఞుడు లోకానికి చెప్పాడు. 1970లు సగానికి వచ్చేసరికి అది ఖాళీ. ఆ కథ విన్నాక ఎదురుగా ఉన్న చెట్లను చూసే తీరు మారిపోయింది. ఇక్కడ వీటిని ఊరివాళ్లు కాపాడుకుంటూ వచ్చారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువులా పనిచేస్తాయని వాళ్లకు ఎప్పుడో తెలుసు.

మా బ్యాచ్‌లో ఒకతను బ్యాగ్‌లోంచి డ్రోన్ తీశాడు. అన్న గొంతు పెంచలేదు. “పర్మిషన్ లేకండా ఈడ ఎగరేయకూడదు. అయినా అది పైకి లేస్తే అయ్యి గద్దనుకుంటాయి నాయనా. పెద్దయ్యి లేచిపోతే గూట్లో గుడ్డు మిగిలిద్ది. కాకికి కావాల్సింది అదే” అన్నాడు. డ్రోన్ మళ్లీ బ్యాగ్‌లోకి వెళ్లిపోయింది.

‘ఎగిరిందా? ఎగరగొట్టావా?’

సాయంత్రం పులికాట్ వెళ్తూ దారిలో నా రీల్ అన్నకు చూపించా. మెచ్చుకుంటాడనే అనుకున్నా. రెండుసార్లు చూశాడు. “బాగుంది. ఇయ్యి వాటంతటయ్యే ఎగిరినాయా, నువ్వు ఎగరగొట్టావా?”

నాకు నోట మాట రాలేదు. ఆ రోజు నేను బురదలోకి దిగి, గట్టిగా చప్పట్లు కొట్టి, ఈల వేశా. ఫ్రెండ్ షూట్ చేశాడు. ఆడియో తీసేసి పాట పెట్టాం కాబట్టి ఆ చప్పట్లు ఎవరికీ వినపడలేదు. ఆయనకు మాత్రం కనపడ్డాయి.

“వీడియో మొదట్లో చూడు. తలలన్నీ పైకెత్తి ఒక పక్కకే నడస్తా ఉండాయి. అది భయం. నువ్వు లేపినాక ఎంత దూరం పోయినాయో, మళ్లీ ఎప్పుడు తిన్నాయో నువ్వు చూడలేదుగా?”

చూడలేదు. క్లిప్ దొరకగానే టీ తాగడానికి వెళ్లిపోయాం.

ఫ్లెమింగో తల తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాలుకతో నీళ్లు లోపలికి లాగి బయటికి తోస్తూ, అందులోని నాచు, చిన్న చిన్న పురుగులు, రొయ్యల్లాంటి జీవుల్ని వడగట్టుకుని తింటుంది. ఆ గులాబీ రంగు కూడా ఆ తిండిలోంచి వచ్చేదే. పిల్లలు బూడిద రంగులో పుడతాయి. ఇంత చిన్న తిండితో అంత పెద్ద ఒళ్లు నిండాలంటే గంటల తరబడి తింటూనే ఉండాలి. ఎగరాలంటే నీళ్లలో పరిగెత్తి లేవాలి. ఒక గుంపు చప్పట్లు కొట్టి పోతే ఇంకో గుంపు వస్తుంది. ఒక్క ఆదివారం ఆ రోడ్డు మీద నాలాంటి వాళ్లు ఎంతమంది ఆగుతారో ఊహించుకోండి.

ఆ సాయంత్రం అన్న మమ్మల్ని రోడ్డు పక్కనే కూర్చోబెట్టాడు. మాటల్లేవు, అటూ ఇటూ నడవడం లేదు. పావుగంటకే నాకు విసుగొచ్చి చెయ్యి ఫోన్ వైపు పోయింది. ముప్పావు గంట తర్వాత చూస్తే, దూరంగా ఉన్న ఫ్లెమింగోలు తింటూ తింటూ మా వైపే వచ్చేశాయి. ముక్కు చివర నలుపు, బురద కదిపే కాళ్లు మామూలు కంటికే కనపడుతున్నాయి. కిందటేడు అన్ని పక్షుల్ని లేపినా ఇవేవీ నేను చూడలేదు. చీకటి పడేదాకా ఒక్కటీ ఎగరలేదు.

రాత్రి రూమ్‌కి వచ్చి రీల్ డిలీట్ చేశా.

మీరూ వెళ్తారా?

నేలపట్టులో గూళ్లు చూడాలంటే చలికాలం మంచిది. పొద్దున్నే వెళ్లండి, ముదురు రంగు బట్టలేసుకోండి. 8x42 బైనాక్యులర్ చాలు. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని, 42 అంటే ముందు అద్దం సైజు మిల్లీమీటర్లలో. పిట్ట పేరు తెలియకపోతే మెర్లిన్ యాప్, చూసినవి రాసుకోవడానికి ఈబర్డ్ ఉన్నాయి. యాప్‌లోని పిట్ట కూతను అక్కడ ప్లే చేయకండి. ఇంకో పక్షి తన చోటుకు వచ్చిందనుకుని అది తిండి మానేసి వెతుక్కుంటుంది. పక్షి తినడం ఆపి తలెత్తి మీ వైపు చూస్తోందంటే అప్పటికే మీరు ఎక్కువ దగ్గరకు వెళ్లినట్టు. రెండడుగులు వెనక్కి వేయండి.

వీలైతే ఆ ఊరి గైడ్‌నే పెట్టుకోండి. నా దగ్గర ఇప్పుడు కొత్త వీడియో ఉంది. నాలుగు నిమిషాలు, తలలు నీళ్లలో పెట్టుకున్న ఫ్లెమింగోలు, అంతే. పోస్ట్ చేస్తే 23 లైకులు వచ్చాయి. అందులో ఒకటి అన్నది.