బటన్ నొక్కితే లేచే ఎస్‌యూవీ: ఎయిర్ సస్పెన్షన్ మీ బండికి నిజంగా అవసరమా?

మాది అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలం రాజయ్యపేట. సముద్రం పక్కనే ఊరు, రోడ్డు దిగితే ఇసుకే. అందుకే థార్ కొన్న ఫ్రెండ్స్ నన్ను తరచూ అడిగేది ఒకటే: "బ్రో, డిఫెండర్‌లో లాగా ఎయిర్ సస్పెన్షన్ పెట్టించి హైట్ పెంచేద్దామా?" డబ్బులు తీసే ముందు ఇది చదవండి.

ఎలా పని చేస్తుంది?

స్టీల్ స్ప్రింగ్ స్థానంలో ప్రతి చక్రం దగ్గరా గాలితో నిండే రబ్బరు బ్యాగ్ ఉంటుంది. కంప్రెసర్ గాలి కొడుతుంది, వాల్వ్‌లు దాన్ని బ్యాగ్‌లకు పంచుతాయి. బాడీ ఎంత లేచిందో హైట్ సెన్సర్లు ఈసీయూకి చెబుతాయి. సరిపోయే దాకా ఇదే లూప్. రేంజ్ రోవర్‌లో ఈ టెక్నాలజీ 1992లోనే వచ్చింది.

నంబర్లు చూద్దాం

డిఫెండర్ 110 ఆఫ్-రోడ్ మోడ్‌లో 75 ఎంఎం లేస్తుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 291 ఎంఎం అవుతుంది. 900 ఎంఎం లోతు నీళ్లలో కూడా వెళ్లగలదు. ఎక్కి దిగేటప్పుడు 50 ఎంఎం కిందికి వంగుతుంది కూడా. హైవే మీద వేగం పెరిగితే దానంతట అదే దిగిపోతుంది. ఎత్తుగా ఉన్న బండి మలుపుల్లో ఎక్కువ ఊగుతుంది కాబట్టి ఇది చాలా ముఖ్యం.

అసలు మెలిక ఇక్కడుంది

డిఫెండర్‌కి నాలుగు వైపులా ఇండిపెండెంట్ సస్పెన్షన్. డిఫరెన్షియల్ బాడీతో పాటే పైకి లేస్తుంది. థార్ వెనక సాలిడ్ యాక్సిల్. బ్యాగ్‌లు వేసి బాడీని ఎంత లేపినా వెనక డిఫరెన్షియల్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. రాయి తగిలేది దానికే! అది లేవాలంటే పెద్ద టైర్లు వేయాల్సిందే. పైగా బ్యాగ్‌లు నిండుగా ఉంటే చక్రం గుంతలోకి దిగే ట్రావెల్ తగ్గుతుంది, రైడ్ గట్టిపడుతుంది.

ఇసుకలో ఏది పనికొస్తుంది?

ఇసుకలో కూరుకుపోవడానికి మొదటి కారణం హైట్ కాదు, టైర్ ప్రెషర్. 18 పీఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు పరుచుకుని బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి కొట్టాలి. దీనికి చిన్న ఇన్‌ఫ్లేటర్ చాలు. అలాగని ఒడ్డున వలలు ఆరేసిన చోటికి, తాబేళ్లు గుడ్లు పెట్టే చోటికి బండి తోలొద్దు.

చట్టం సంగతి

కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. బయట కిట్ వేయిస్తే ఆర్టీవో దగ్గర, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర తిప్పలు తప్పకపోవచ్చు.

ఫైనల్‌గా

కంపెనీ నుంచే ఎయిర్ సస్పెన్షన్‌తో వచ్చే బండి అయితే ఆ ఫీచర్ సూపర్, పూర్తిగా వాడుకోండి. థార్ లాంటి బండికి మాత్రం ఆ డబ్బు మంచి టైర్లు, ఇన్‌ఫ్లేటర్, టో రోప్ మీద పెట్టండి. నా ఓటు వాటికే.