దోమ దేహము: బలమెక్కడ, బలహీనత యెక్కడ

మనుష్యునకు ఎముకలు లోపలను, మాంసము వెలుపలను ఉన్నవి. కీటకమునకు ఇది తలక్రిందులు. దాని శరీరమును నిలుపునది వెలుపలి పెంకు. కండరములు లోపలి వైపున ఆ పెంకునకే అంటుకొని యుండును. కైటిన్ అను పదార్థముతో ఏర్పడిన ఈ కవచము దేహమును కాపాడును గాని పెరుగుదలకు అడ్డు వచ్చును. కావున పెరుగుచున్న పురుగు పామువలె పలుమార్లు కుబుసము విడువవలసి యుండును. పెంకు వంగదు గనుక కాళ్ళు కీళ్ళు కీళ్ళుగా అమరినవి. ఈ లక్షణమును బట్టియే శాస్త్రజ్ఞులు ఈ వంశమునకు సంధిపాద జీవులని పేరిడిరి. ఈగకు, దోమకు, చీమకు కాళ్ళు ఆరు. సాలెపురుగునకు, తేలునకు, పశువుల నంటియుండు గోమారికి ఎనిమిది. జెఱ్ఱి దేహమున ఖండమునకొక జత చొప్పున నుండును. రోకటిబండకు చాల ఖండములయందు రెండేసి జతలు. కాళ్ళను లెక్కించుట పిల్లల ఆటవలె తోచును గాని, ఏ వ్యాధి ఏ జీవివలన వచ్చునో తెలిసికొనుటకు అది మొదటి మెట్టు.

ఈ వంశములో మన దేశమునకు మిక్కిలి నష్టము కలిగించినది దోమ. స్వాతంత్ర్యము వచ్చిన కాలమున ఏటేట సుమారు 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా సోకుచుండెననియు, 8 లక్షల మంది మరణించుచుండిరనియు అంచనా. ఇంతటి కీడు చేసిన ప్రాణి బరువు కొద్ది మిల్లిగ్రాములకు మించదు.

దోమకు ఊపిరితిత్తులు లేవు. దేహపు ప్రక్కలనున్న సన్నని రంధ్రములద్వారా గాలి లోనికి ప్రవేశించి, కొమ్మలు రెమ్మలుగా చీలిన నాళములలో సాగి కండరములకు నేరుగా అందును. ప్రాణవాయువును మోయు పని లేనందున దాని రక్తము ఎఱ్ఱగా నుండదు. చేతితో కొట్టినపుడు అరచేత మిగులు ఎఱ్ఱని మరక దోమది కాదు. మనదో, ప్రక్కవారిదో, పశువుదో.

ఊపిరి పీల్చు ఈ పద్ధతియే దానికి బాల్యమున చిక్కు తెచ్చును. లార్వా నీటిలో పుట్టి నీటిలోనే పెరిగినను, గాలికొఱకు మాటిమాటికి పైకి రాక తప్పదు. క్యూలెక్స్, ఏడిస్ జాతుల లార్వాలకు తోకవైపున ఒక గొట్టము కలదు; దాని కొనను నీటి ఉపరితలమునకు ఆనించి అవి తలక్రిందుగా వ్రేలాడును. మలేరియాను వ్యాపింపజేయు అనాఫిలిస్ లార్వాకు ఆ గొట్టము లేదు. అది నీటిపై పుల్లవలె అడ్డముగా పరుండును. తొట్టిలోనికి ఒకమారు తొంగిచూచినవారెవరైనను ఈ భేదమును గుర్తింపవచ్చును. మురికినీటిపై నూనె పొర పరచినచో శ్వాసరంధ్రములు మూసుకొనిపోయి రెండు విధముల లార్వాలును చచ్చును. ఇంటి వాడుక నీటికి నూనె పనికిరాదు. అచ్చట మూతయే మందు. తొట్లను వారమునకొకమారు ఖాళీ చేసి ఎండబెట్టుమనుటకు కారణమేమనగా, వెచ్చని ఋతువులో గ్రుడ్డు రెక్కల దోమ యగుటకు ఏడు మొదలు పది దినములు పట్టును. డెంగీని మోయు ఏడిస్ గ్రుడ్లు తొట్టి గోడకు అంటుకొని, తడి లేకున్నను నెలల తరబడి చావకుండును. నీరు పారబోసి గోడలను తోమక విడిచినచో సగము పనియే జరిగినట్లు.

రక్తము త్రాగునది ఆడదోమ మాత్రమే. మగది పువ్వుల తేనెతో కాలము గడపును. కుచ్చువంటి స్పర్శశృంగములతో ఆడదాని రెక్కల చప్పుడును పసికట్టును. ఆడదానికి గ్రుడ్లు తయారగుటకు రక్తమందలి మాంసకృత్తులు కావలెను. దాని తొండము ఒంటి సూదివలె కనబడును గాని, నిజమునకది ఆరు సన్నని సాధనములను దాచిన ఒర. కుట్టునపుడు ఒర వెనుకకు వంగి వెలుపలనే నిలిచిపోవును. ఆరును చర్మములోనికి దిగును. వానిలో కొన్ని కోయును, ఒకటి రక్తమును పీల్చును, వేరొకటి లాలాజలమును వదలును. ఆ లాలాజలము రక్తము గడ్డకట్టకుండ చేయును. మనకు దురద కలిగించునదియు అదియే. మలేరియా క్రిమి ప్రవేశించునదియు ఆ దారినే.

ఈ దారిని కనుగొనుటలో మొదటి గెలుపు సికింద్రాబాదున లభించినది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు, హుసేన్ ఖాన్ అను రోగి రక్తమును త్రాగిన దోమను కోసి, దాని జఠరపు గోడయందు నల్లని రేణువులుగల గుండ్రని కణములను చూచెను. అంతకు ముందు ఇతర జాతుల దోమలను ఎన్నింటిని కోసినను ఆయనకు ఫలితము దక్కలేదు. ఈ దోమ మచ్చల రెక్కల అనాఫిలిస్. మరుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశోధించి, క్రిములు జఠరమునుండి లాలాజల గ్రంథులకు చేరునని నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

జఠరమునుండి గ్రంథులకు చేరు ఈ ప్రయాణమునకు సాధారణముగా పది దినములు మొదలు రెండు వారములు పట్టును. అంతవరకు ఆ దోమ కుట్టినను మలేరియా రాదు. అనగా మలేరియాను పంచునది వయసు ముదిరిన దోమ. దోమలనన్నింటిని చంపనక్కఱలేదు, వాని ఆయువును కొలది దినములు తగ్గించినను చాలును. కడుపునిండ త్రాగి బరువెక్కిన దోమ గోడపై వ్రాలి విశ్రమించును. అట్టి గోడపై డి.డి.టి. చల్లినచో అది కాళ్ళద్వారా దేహములోనికి చేరి, నరములకు విరామము లేకుండ చేసి, వణకించి చంపును. 1953లో జాతీయ మలేరియా నివారణ కార్యక్రమము ఈ ఆధారముపైననే ప్రారంభమైనది. 1961 నాటికి రోగుల సంఖ్య సుమారు 50 వేలకు దిగినది. 1976లో మరల 64 లక్షలకు పెరిగినది. విషమును విరిచివేయు శక్తి దేహమున సహజముగా కలిగిన కొన్ని దోమలు బ్రతికి, వాని సంతతియే వృద్ధియగుట ఒక కారణము. దోషమంతయు దోమపై మోపుట న్యాయము కాదు. మనుష్యుల జాగ్రత్త సడలుటయు అంతే కారణము. నేడు పంచిపెట్టుచున్న మందు పట్టించిన దోమతెరలును దోమను కాళ్ళద్వారానే దెబ్బతీయును.

దోమ నిముషములలో త్రాగి లేచిపోవును. ఎనిమిది కాళ్ళ గోమారి అట్లుగాక చర్మములో నోరు గ్రుచ్చి దినముల తరబడి అంటియుండును. 1957లో నేటి కర్ణాటకమందలి క్యాసనూరు అడవిలో బయటపడిన జ్వరమును మనుష్యులకు చేర్చినది ఇదియే. దానిని నలుపరాదు, చర్మమునకు దగ్గరగా చిమటాతో పట్టి తిన్నగా పైకి లాగవలెను. దీని జ్ఞాతియైన చిగర్ కంటికి కనబడుటయే కష్టము. పెరిగిన జీవికి ఎనిమిది కాళ్ళున్నను, మనుష్యుని కుట్టు లార్వాకు ఆరే. పొదలలో, గడ్డిలో తిరుగువారికి దీనివలన స్క్రబ్ టైఫస్ జ్వరము సోకును. కుట్టినచోట చాలమందికి నల్లని పక్కు కట్టును. అది నొప్పి పెట్టదు గనుక రోగి దానిని గూర్చి చెప్పడు. చంకలలో, గజ్జలలో, నడికట్టు క్రింద నుండుటచే ఇతరుల కంట పడదు. తగ్గని జ్వరముతో వచ్చిన రైతు దేహమున ఆ పక్కును వెదకి గుర్తించినచో, డాక్సీసైక్లిన్ అను చవుక మందుతో వైద్యుడు ప్రాణము నిలుపగలడు.